అడుగనిదే అమ్మయైనను పెట్టదు

1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు మాధాపురమున సైబర్ టవర్సును ప్రారంభించిరి. అంతకుముందు రాళ్లగుట్టలుగా నుండిన యా చోట నేడు అద్దాల మేడలు బారులు తీఱినవి. ఉదయమున రాయదుర్గము మెట్రోస్టేషనులో దిగువారిని జూచినచో, మెడలో గుర్తింపుబిళ్లలు వ్రేలాడ వడివడిగా నడచిపోవు యువతు లెందఱో కానవత్తురు. 1874లో ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టిన వీరేశలింగము పంతులుగారు దీనిని జూచిన సంతసించెడివారే. కాని సంతసించి యూరకుండువారు కారు; నలువదేండ్లు వచ్చునప్పటికి వీరందఱు నేమగుచున్నారని తప్పక యడిగియుందురు. మేమును అదియే యడుగుచున్నాము. కొలువున జేరునప్పుడు గుంపులుగా గనబడువారు మేనేజరు పదవి దాటిన పిమ్మట నొకరిద్దఱుగా మాత్రమే మిగులుచున్నారు.

2014 అక్టోబరులో, అమెరికాలోని ఫీనిక్సు నగరమున కంప్యూటరు రంగపు స్త్రీల మహాసభలో, మన హైదరాబాదున బుట్టిన సత్య నాదెళ్లగారి నొక ప్రశ్న యడిగిరి: జీతము పెంచుమనుటకు జంకు స్త్రీలకు మీ సలహా యేమి? అడుగుటకంటె వ్యవస్థను నమ్ముట మేలనియు, అడుగకుండుట సత్కర్మయై తిరిగి ఫలించుననియు వారు చెప్పిరి. పెద్ద యలజడి రేగెను. తమ జవాబు పూర్తిగా దప్పని యానాడే యొప్పుకొనిరి. అది వారి సౌజన్యము. సంస్కృతము చదువుకొన్న మాకు మాత్రము ఆ కర్మశబ్దము ముల్లువలె గ్రుచ్చుకొన్నది. కర్మ యనగా చేయు పని. మన యిండ్లలో నది స్త్రీ నోరు మూయించు మాట యైనది. మన సామెత యింతకంటె తెలివి గలది: అడుగనిదే అమ్మయైనను పెట్టదు.

మాయొద్ద ఆంగ్లము చదువుకొని, ఇంజనీరై, ఒక పెద్ద కంపెనీలో పదుమూడేండ్లుగా పనిచేయుచున్న అమ్మాయి యొకతె గడచిన సంక్రాంతికి మాయింటికి వచ్చెను. తనకంటె రెండేండ్లు వెనుక జేరినవానికి డైరెక్టరు పదవి యిచ్చిరట. ఏమని యడుగగా, "మీరు ఆసక్తి చూపలేదు గదా" యని పైయధికారి యనెనట. ఆసక్తి యెట్లు చూపును? ఆ పదవికి రాత్రి తొమ్మిదింటికి అమెరికావారితో మాటలుండును. ఆ వేళకే పిల్లవాని యన్నము, మామగారి మందులు. భర్త చెడ్డవాడు కాడు. "నీ యిష్టము" అనెను. చదువరులారా, ఈ "నీ యిష్టము" మన యిండ్లలో నెంత గట్టి తాళమో గమనింపుడు. అతడు కంపెనీవారితో మాటలాడునప్పుడు గదితలుపు మూసికొనును. ఇల్లంతయు గుసగుసలలోనికి దిగును. ఆమె మాటలాడునప్పుడు అయిదు నిమిషములకొకమాఱు ఎవరో యొకరు తలుపు తట్టుదురు.

చట్టములు లేకపోలేదు. 2013 కంపెనీల చట్టము, షేరుమార్కెట్టున నమోదైన కంపెనీల బోర్డులో నొక్క స్త్రీయైన నుండవలెనన్నది. 2017 సవరణ ప్రసూతిసెలవును 12 వారములనుండి 26 వారములకు బెంచినది. మంచిదే. కాని యా సెలవునాటి జీతమంతయు యజమానిపైననే పెట్టిరి. తండ్రి సెలవు మాట యందు లేదు. లెక్క చూచు యజమాని యెవరిని ముందుకు ద్రోయునో వేఱుగ జెప్పనక్కఱలేదు. పైగా బోర్డు శిఖరము. మా శిష్యురాలు నిలిచినది నడిమెట్టు.

2017లో భారత పరిశ్రమల సమాఖ్యకు తొలి మహిళాధ్యక్షురాలైన కామినేని శోభనగారు తెలుగువారి యాడపడుచే. నలుగురు కుమార్తెలకును అపోలో వైద్యశాలల బాధ్యత లప్పగించిన ప్రతాపరెడ్డిగారిని మెచ్చుకొందము. తండ్రి స్థాపించిన సంస్థ లేనివారి మాటయేమి? అయ్యలసోమయాజుల లలితగారు పదునెనిమిదేండ్లకే విధవయై, పసిబిడ్డ యుండగా మదరాసు గిండీ కళాశాలలో జదివి 1943లో ఇంజనీరైరి. ఆమె తండ్రి యా కళాశాలలోనే యాచార్యుడు. బిడ్డకు ప్రవేశమిండని తానే పోయి యడిగెను. తరువాత కలకత్తా యుద్యోగకాలమున ఆ పసిపిల్లను సోదరుని కుటుంబము చూచుకొనెను.

మార్చినెలలో మా శిష్యురాలు పదవి కోరుచు కంపెనీకి వ్రాసిన యుత్తరమును, ఆంగ్లము దిద్దుమని మాకు బంపెను. భాషలో దోషములు లేవు. "మీకు వీలైనచో" అనియు, "నేను తగుదునో లేదో గాని" యనియు నున్న రెండు ముక్కలను మాత్రము కొట్టివేసితిమి. గదితలుపునకు లోపల గడియ పెట్టించితినని మఱునాడు వ్రాసినది. కంపెనీనుండి జవాబింకను రాలేదు.