తీగ దిగి గోడకెక్కిన ఉత్తరాలు

ఇల్లు అందంగా ఉండాలని ఏ ఇల్లాలికుండదు చెప్పండి! కానీ ఫ్రేము కట్టిన పటాల ధర అడిగితే మాత్రం గుండె గుభేలుమంటుంది. పైగా మాది అద్దె ఇల్లు. ఓనరుగారు గోడకి కొత్తగా ఒక్క మేకు కూడా కొట్టనివ్వరు. అందుకని హాల్లో సోఫా వెనక గోడ రెండేళ్లుగా బోసిగానే ఉంది. పాత బొమ్మల పోస్టుకార్డులు కొని గోడనిండా వరసగా పెట్టుకునేవాళ్లున్నారని విన్నాను. వినగానే నాకు సూర్యాపేటలో అమ్మమ్మగారింట్లో దూలానికి వేలాడే ఉత్తరాల తీగ గుర్తొచ్చింది.

ఆ తీగ మీకూ తెలిసే ఉంటుంది. కింద చిన్న చెక్కబిళ్ల, పైన కొక్కెంలా వంచిన ఇనుపతీగ. వచ్చిన కార్డు ముక్కనల్లా చదవడం అయిపోగానే దానికి గుచ్చేసేవాళ్లు. అన్నిటికన్నా కింద ఉన్నది అన్నిటికన్నా పాతది. బీరువా అక్కర్లేదు, ఫైలు అక్కర్లేదు!

సూర్యాపేటలో

అమ్మమ్మ పోయాక ఖాళీగా ఉన్న ఆ ఇంటి పైకప్పు విప్పిస్తున్నారని కబురొచ్చింది. పాత సామాను పాత ఇనుము కొట్టుకి పోయేలోపల వెళ్లాలని ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు రోడ్డు అది. పాతవాళ్లు ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డనే అంటారు.

తీగ అక్కడే ఉంది, మసి పట్టి. కార్డులు కిందికి తీస్తుంటే చేతులు నల్లగా అయ్యాయి. ప్రతి కార్డుకీ నడుమ ఒక చిల్లు. పదిహేను పైసల పులిబొమ్మ కార్డులే ఎక్కువ. మూలలకి పసుపు రాసినవి పెళ్లి కబుర్లు. చావు కబురు మాత్రం ఒక్కటీ లేదు. అలాంటి కార్డు చదవగానే చింపేసేవాళ్లు, ఇంట్లో ఉంచుకునేవాళ్లు కాదు. అంటే ఆ తీగకి గుచ్చింది మా ఇంటి చరిత్రలో సగమేనన్నమాట.

మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న మొదలైంది. అప్పుడు వెల పావు అణా. కార్డు ఎప్పటిదో తెలుసుకోవడానికి ఒక చిట్కా చెబుతాను. పిన్ కోడు వచ్చింది 1972 ఆగస్టు 15న. చిరునామాలో 508213 అని ఉంటే ఆ కార్డు ఆ తర్వాతిదే. అడుగున ఉన్న రెండు మూడు కార్డుల మీద నల్లగొండ జిల్లా, హైదరాబాద్ స్టేట్ అని ఉంది. వాటి పైవాటి మీద ఆంధ్రప్రదేశ్. ఇప్పుడు రాస్తే తెలంగాణ అనీ, 2016 నుంచి సూర్యాపేట జిల్లా అనీ రాయాలి. ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు!

అన్నీ రాతకార్డులే అయితే గోడ మరీ పచ్చగా ఉంటుంది కదా, మధ్యమధ్య బొమ్మలుండాలి. మన ఊళ్ల బొమ్మల కార్డులు నాకెక్కడా దొరకలేదు. అందుకని దగ్గర్లోనే ఉన్న పిల్లలమర్రి వెళ్లాను. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం అక్కడుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక ఆడమనిషి కట్టించిన గుడి! ఆ స్తంభాలని ఫోనులోనే ఫొటోలు తీసుకున్నాను. స్టూడియోలో ఇస్తే కార్డు సైజులో వేసిస్తారు.

కోదాడలో

అక్కణ్ణించి కోదాడ, మామయ్యగారింటికి. దారిలో మునగాల వస్తుంది. అమ్మమ్మ పుట్టిల్లు ఆ వైపే. నైజాం రాజ్యం నడుమ ఉన్నా మునగాల పరగణా మాత్రం బ్రిటిషువాళ్ల కృష్ణా జిల్లాలో ఉండేది. ఆంధ్రప్రదేశ్ వచ్చాక నల్లగొండలో కలిపారు. పరగణా జమీందారు నాయని వెంకట రంగారావుగారు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవారిలో ఉన్నారు. లక్ష్మణరావుగారి అక్కగారే తొలి తెలుగు కథకుల్లో ఒకరైన భండారు అచ్చమాంబగారు. బడికి పోకుండా ఇంట్లోనే చదువు నేర్చుకున్నారావిడ.

మామయ్య ట్రంకుపెట్టెలోంచి తీసిన కార్డుల మీద "మునగాల, కృష్ణా జిల్లా" అని చూసేసరికి మా అబ్బాయి పక్కున నవ్వాడు, "తప్పు రాశారమ్మా" అని. తప్పు కాదురా నాయనా, అప్పటి లెక్క అది అని చెప్పాల్సొచ్చింది. అదే పెట్టెలో నాగార్జునసాగర్ డ్యాం బొమ్మ కార్డొకటి, చార్మినారువి రెండు దొరికాయి. అత్తయ్య పెట్టిన పప్పుచారు, గోంగూర పచ్చడి తిని మధ్యాహ్నం మిర్యాలగూడ బయల్దేరాం.

మిర్యాలగూడలో

హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా పోతే దారిపొడుగునా వరిపొలాలే. మిర్యాలగూడలో ఎటు చూసినా రైసు మిల్లులు. ఇదంతా సాగర్ ఎడమకాలవ చలవ. కాలవలకి నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. మా పెద్దమ్మకి పెళ్లయి మిర్యాలగూడ వచ్చిందీ ఆ యేడే. తీగకి ఉన్నవాటిలో సగం పెద్దమ్మ రాసిన కార్డులే. "ఈ యేడు కాలవ నీళ్లొచ్చినయి, రెండెకరాలు నాటిండ్రు" అని ఒకటి. "ఊరగాయ జాడీ పంపుము" అని ఒకటి.

కార్డులన్నీ మంచం మీద పరిస్తే పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది.

"ఏంది బిడ్డా, ఈ కాయితాలన్నీ గోడకెక్కిస్తవా?" అని నవ్వింది. తర్వాత ఒక కార్డు చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

అందులో ఏముందా అని చూశాను. బావగారు పొలం పనిలో ఉన్నారు, గేదె ఈనింది, చెల్లెల్ని అడిగానని చెప్పు. అంతే. కష్టమన్న మాటే లేదు.

"పైన చూడు" అంది.

మిగతా అన్ని కార్డుల మీదా మొదటి మాట ఉభయకుశలోపరి. దీని మీద లేదు.

అత్తారింటికి పంపేటప్పుడు అమ్మమ్మ చెప్పిందట. కార్డు ముక్క అందరూ చదువుతారు. రాసింది మీ మామగారి చేతికే పోతుంది పోస్టుకి. నాకా చదువు రాదు, పక్కింటి పిల్లాడు చదివిపెట్టాలి. అందుకని ఏదన్నా కష్టమొస్తే ఉభయకుశలోపరి అని రాయకు, చాలు. కార్డు వచ్చిన ప్రతిసారీ అమ్మమ్మ ఆ పిల్లాణ్ణి మొదట అడిగేది ఒక్కటేనట, "మీదికెల్లి ఉభయకుశలోపరి ఉందా, లేదా?" అని.

"తొలిచూలు ఆర్నెల్లకే పోయింది. అయిదో రోజే నాట్లకు పొమ్మన్నరు" అంది పెద్దమ్మ, కార్డు వంకే చూస్తూ. "కార్డు ముట్టిన మూడో రోజు మీ అమ్మమ్మ బస్సు దిగింది. ఎవల్నీ ఒక్క మాట అనలే. బిడ్డను చూడబుద్దయి వచ్చిన, తోల్కపోత అన్నది. మూడు నెల్లు సూర్యాపేటలనే ఉన్న."

ఇన్నేళ్లలో ఈ సంగతి మా అమ్మకి కూడా తెలియదట. నాకేం మాట్లాడాలో తోచలేదు. చివరికి, "ఇది గోడకి పెట్టన్లే పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించింది. "పెట్టు. కాకపోతే రాత లోపలికి, చిరునామా బయటికి. ఆ కార్డు మాత్రం నా దగ్గర్నే ఉండనీ."

అక్కడే వీధిలో జిరాక్సు తీయించుకుని, అసలు కార్డు ఆవిడ చేతిలో పెట్టి వచ్చాను.

ఇలా చేశాను

అసలు కార్డులు గోడకి పెట్టకండి. ఎండకీ వెలుతురుకీ సిరా వెలిసిపోతుంది. కలర్ జిరాక్సులు చాలు. కార్డు సైజు 14 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు. ఒక ఏ-ఫోర్ కాగితం మీద నాలుగు పడతాయి. చిల్లు కూడా జిరాక్సులో చక్కగా వస్తుంది, అదే దాని అందం.

మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ ముక్క వడ్రంగి దగ్గర తీసుకున్నాను. దానికి అమ్మమ్మ పాత చీర కొంగు బిగించి అతికించాను. అడ్డంగా 5, నిలువుగా 4, మొత్తం 20 కార్డులు పట్టాయి. వాటిలో ఆరు బొమ్మలవి. ముందు నేలమీద పరుచుకుని చూసుకోండి. రెండు బొమ్మలు పక్కపక్కన రాకుండా సర్దుకుని, అప్పుడే జిగురు రాయండి. కార్డుకీ కార్డుకీ మధ్య అడ్డంగా మూడు, నిలువుగా అయిదు సెంటీమీటర్లు వదిలాను. పాత క్యాలెండరు మేకుకే తగిలించాం కాబట్టి ఓనరుగారికీ కోపం లేదు.

ఖర్చు: జిరాక్సులు, ఫొటోలు కలిపి 5 షీట్లకి 100 రూపాయలు, ప్లైవుడ్ 150, జిగురు 30, తీగ, కొక్కేలు 40. మొత్తం 320 రూపాయలు.

అసలు కార్డుల్ని తడిగుడ్డతో తుడవకండి, సిరా పారుతుంది. సెల్లోటేపు వేయకండి, కొన్నాళ్లకి పసుపుపచ్చ మరక పడుతుంది. లామినేషను అసలే వద్దు. మధ్యమధ్య తెల్లకాగితం పెట్టి, చెమ్మ తగలని అరలో అట్టపెట్టెలో దాచుకోండి. అన్నిటికన్నా ముందు, రాసినవాళ్లు ఉంటే వాళ్లనడగండి. ఏది గోడకెక్కాలో, ఏది పెట్టెలో ఉండాలో చెప్పాల్సింది వాళ్లే.

ఇంటికొచ్చినవాళ్లంతా ఇప్పుడు ఆ గోడ దగ్గరే నిలబడిపోతున్నారు. రెండో వరసలో మూడో కార్డు చిరునామా ఒక్కటే కనిపిస్తుందేమని అడుగుతారు. "అది మా పెద్దమ్మది" అని ఊరుకుంటాను.

మొన్న పోస్టాఫీసుకెళ్లి కార్డు కొని, పెద్దమ్మకి నాలుగు ముక్కలు రాశాను. మొట్టమొదట ఏం రాశానో మీకు వేరే చెప్పక్కర్లేదు కదా!