కొత్త బండా? కొత్త పాఠమా?

మా పెద్దమ్మాయి చెన్నైలో ఉద్యోగం చేస్తోంది. సెలవు దొరికితే చాలు, మోటార్ సైకిల్ తీసుకుని రేసు ట్రాక్ మీదికి వెళుతుంది. పందేలకి కాదండోయ్, సరదాకి, నేర్చుకోడానికి. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ఉన్న ట్రాక్ అది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ఎదురుగా లారీ రాదు, అడ్డంగా గేదె రాదు, అందరూ ఒకే దిక్కుకి పోతారు. "రోడ్డు మీద కంటే అక్కడే నయం అమ్మా" అంటుంది. నెల్లూరు ట్రంకు రోడ్డు రోజూ చూసేదాన్ని, ఆ మాట కాదనలేకపోయాను.

ఏడాదిన్నర బాగానే సాగింది. తర్వాత ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది. చుట్టుకి 2 నిమిషాల 18 సెకన్లు. ఎన్నిసార్లు వెళ్లినా అంతే. ఇంకాస్త తగ్గిద్దామని చూసిన రోజున మలుపు మధ్యలో ప్రాణం పోయినంత పనైందట. ఆ సంగతి నాతో చెప్పలేదు, చెల్లెలితో చెప్పింది. చెల్లెలు నాతో చెప్పింది. ఇళ్లల్లో కబుర్లు చేరేది ఇలాగే కదా!

సరిగ్గా అప్పుడే నా చీటీ డబ్బు చేతికొచ్చింది. లక్షా ఇరవై వేలు. "ఈ 310 సీసీ బండితో ఇంతేనమ్మా, ఈ డబ్బుకి నా జీతం కాస్త కలిపితే పాతదైనా పెద్ద బండి వస్తుంది" అని అమ్మాయి. "అసలు ఆ పిచ్చే మానిపించవోయ్" అని మా వారు. నాకు రెండూ రుచించలేదు.

ముప్ఫై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మా వీధిలో ఒకావిడకి మెడ వంపు దగ్గర ముడతలు పడేవి. తొక్కుడు మిషను వల్లే అనుకుని మోటారు మిషను కొన్నది. మిషను వేగంగా కుట్టింది, ముడతలూ వేగంగా పడ్డాయి! భయపడే చేతికి ఇంకా బలమైన బండి ఇస్తే ఏమవుతుందో మీరే చెప్పండి. "బండి వద్దు. మంచి గురువుని చూడు, ఫీజు నేను కడతాను" అన్నాను. మూడు రోజులు ముభావంగా ఉండి, ఒప్పుకుంది.

గురువుని వెతకడం పెళ్లి సంబంధం వెతికినంత పనైంది. ఫోనులో నేనే మాట్లాడాను. ఒకాయన రెండు రోజుల్లో అయిదు సెకన్లు తగ్గిస్తానని మాటిచ్చాడు. పిల్లని చూడకుండానే ఎలా తెలిసిందో! ఇంకొక చోట ఇరవై మందికి ఒక్కరే నేర్పేవారు. మూడో ఆయన ఎదురు ప్రశ్న వేశాడు: "అమ్మాయికి ఎక్కడ భయం వేస్తోంది?" నాకు ఆ ప్రశ్న నచ్చింది. ఒక్కొక్కరికి ముగ్గురే విద్యార్థులు, వెనకాలే బండి మీద వచ్చి చూస్తారు, వీడియో తీసి చూపిస్తారు. అంబులెన్సు, డాక్టరు ఉంటారా అని మరీ మరీ అడిగాను. ఉంటారన్నాడు. వెళ్లిన రోజున ముందు దాన్నే చూశాను లెండి.

అమెరికాలో కీత్ కోడ్ అనే ఆయన 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ పెట్టాడు. నాలుగు మెట్లుగా నేర్పుతారు. ఆ స్కూలు వాళ్లు మన చెన్నై ట్రాక్‌కి కూడా వచ్చి నేర్పారు. మా అమ్మాయి గురువు పాఠాలు చాలావరకు ఆ పద్ధతిలోవే. కీత్ కోడ్ పుస్తకంలో ఒక లెక్క ఉంది, మనలాంటి ఇల్లాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మనిషి ధ్యాస పది డాలర్ల నోటు లాంటిదట. ఒక్క భయానికే తొమ్మిది ఖర్చయితే మిగతా పనులన్నిటికీ మిగిలేది ఒకటే. నెలాఖరు సంసారం లాగన్నమాట!

ఆ రెండు రోజులూ నేనూ వెళ్లి గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాను. బండికి అద్దాలు ఊడదీశారు, లైట్లకి టేపు అంటించారు. వెనక చూసే పనే లేదు. తోలు సూటు, వీపుకి పలక, పెద్ద బూట్లు, గ్లవ్స్, హెల్మెట్ వేసుకుని వస్తుంటే నా పిల్లని నేనే పోల్చుకోలేదు.

గదిలో కాసేపు పాఠం, ట్రాక్ మీద కాసేపు సాధన, మళ్లీ కూర్చుని మాటలు. ఒక్కో విడతకి ఒక్కటే సంగతి. మొదటి విడతలో ఒకే గేరు, బ్రేకు ముట్టుకోకూడదు అన్నాడు! నా గుండె జారిపోయింది. బ్రేకు లేదని తెలిస్తే మలుపులోకి ఎంత వేగంతో వెళ్లాలో ముందే చూసుకుంటారట. అప్పుడు ధ్యాస యాక్సిలరేటర్ మీద నిలుస్తుంది.

అసలు జబ్బు అక్కడే బయటపడింది. మలుపు మధ్యలో భయం వేయగానే అమ్మాయి చెయ్యి యాక్సిలరేటర్ వదిలేస్తోంది. దాంతో బరువంతా ముందు చక్రం మీద పడి, బండి వంపు విడిచి బయటికి పోతోంది. బయటికి పోతుంటే ఇంకా భయం, హ్యాండిల్ మీద ఇంకా గట్టి పట్టు. తనని కాపాడదామని చెయ్యి చేసే పనే తన మీదికి తెస్తోంది. మలుపులో ఒకసారి యాక్సిలరేటర్ అందుకుంటే, చివరిదాకా కొంచెం కొంచెంగా, ఒకే తీరున పెంచుతూ పోవాలట. కుదుపు ఉండకూడదు. మెడ వంపు కుట్టేటప్పుడు పెడల్ తొక్కేదీ అలాగే కదా! చూపు కూడా సూది మీద కాదు, వెళ్లబోయే గీత మీద పెడతాం. ఆ మాట అంటే గురువు నవ్వి, "మీరు కూడా చేరండమ్మా" అన్నాడు. మా అమ్మాయి మొహం చూడాలి!

మొదటి రోజు టైము తగ్గలేదు సరికదా, 2 నిమిషాల 21 సెకన్లకి పెరిగింది. రాత్రి అన్నం సరిగా తినలేదు. పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టాను, పాతికేళ్ల పిల్లకి. రెండో రోజు గురువు సాయంత్రం దాకా గడియారం చూపించనేలేదు. చివరికి చూస్తే 2 నిమిషాల 14. నాకు ఆ నాలుగు సెకన్ల కంటే, హెల్మెట్ తీశాక వణకని ఆ చేతులు చూస్తే ఎక్కువ హాయిగా అనిపించింది.

ఫీజు పోగా చీటీ డబ్బు ఇంకా మిగిలింది. అందులోంచి కొత్త టైర్లు వేయించుకుంది. రెండో మెట్టు శిక్షణకి నవంబరులో పేరిచ్చింది. మా వారు ఈసారి తనూ వస్తానంటున్నారు, అంబులెన్సు సంగతి తనే కనుక్కుంటారట.