ఉలి

ఆళ్లగడ్డలో శిలలు చెక్కు మా యన్నగారికి నిరుడు మెదడులో రక్తనాళము చిట్లెను. వైద్యులు ప్రాణము నిలిపిరి. కాని మాట పోయెను, శాంతస్వభావుడు ముక్కోపి యయ్యెను. గాలి సోకినదని బంధువులు తాయెత్తు గట్టిరి.

నేను నవ్వితిని. మెదడు ఎడమవైపు ముందుభాగము దెబ్బతిన్నచో మాట పోవునని 1861లోనే పారిసున బ్రోకా యను వైద్యుడు చూపెను. కోపమును అదుపులో నుంచునదియు మెదడే. ఇంత చదివియు, ప్రతి యాదివారము నంద్యాలనుండి పోయి, ఆయన యెదుట పలక పెట్టి పాఠము లొప్పగింపుడంటిని. ఒకనాడు తన పేరు వ్రాయలేకపోగా కసరితిని. ఆయన పలక పగులగొట్టి, పసివానివలె నేడ్చెను.

బడి మొగ మెరుగని మా వదినగారు ఉలి తెచ్చి ఆయన చేతిలో నుంచి, "ఇదేమి?" అని యడిగి, తొందరింపక కూర్చుండెను. చాలసేపటికి ఆయన "ఉలి" అనెను. నాటినుండి దినమునకు రెండు మూడు వస్తువులే. అలసినప్పుడు కోపము హెచ్చునని కనిపెట్టి, అలయకమునుపే యామె చాలించును. నేడు చిన్నచిన్న వాక్యములు వచ్చుచున్నవి. కోపము తగ్గినది గాని పోలేదు.

చదువరులారా! కాలు విరిగినవానిని పరుగెత్తుమనము. మెదడు గాయపడినవానిని మాత్రము పొగరుబోతందుము. తాయెత్తు గట్టినవారిని జూచి నవ్విన నేనును ఆ తప్పే చేసితిని. వదినగారి యోర్పు నిప్పుడు నేర్చుకొనుచున్నాను.