అమేలియా కూర్చున్న తీరు

జూన్ 24
మధ్యాహ్నమంతా ఉస్మానియా యూనివర్సిటీలోని ఓయూసీఐపీ లైబ్రరీలోనే. 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌గా మొదలైంది ఇదే. ఓ లావుపాటి బొమ్మల పుస్తకంలో థామస్ ఎకిన్స్ వేసిన ‘మిస్ అమేలియా వాన్ బ్యూరెన్’ దగ్గర ఆగిపోయాను. 1891 ప్రాంతంలో వేసిన తైలవర్ణచిత్రం. గులాబీ రంగు గౌను, ఒళ్లో మూసిన విసనకర్ర, చెంపకు ఆనించిన చెయ్యి, నెరుస్తున్న జుట్టు. చూపు మన మీద లేదు, వెలుతురు వచ్చే వైపుంది. నగల మీద, పట్టు మీద పెట్టాల్సిన శ్రద్ధంతా ఎకిన్స్ ఆమె అలసట మీద పెట్టాడు. ఏదో ఆలోచిస్తోంది. ఆ ఆలోచన మనకు చెప్పాలని ఆమెకు లేదు. నాకు నచ్చింది అదే.

జూన్ 25
అమేలియా ఎకిన్స్ శిష్యురాలే, తనూ చిత్రకారిణే. ఆడపిల్లలున్న క్లాసులో మగ మోడల్ గోచీ తీయించాడని 1886లో పెన్సిల్వేనియా అకాడమీ ఎకిన్స్ చేత రాజీనామా చేయించింది. ఆడపిల్లలకూ శరీర నిర్మాణం పూర్తిగా నేర్పాలన్నది అతని పట్టుదల. చదువు చెప్పినవాడు కనుకే ఆమెను బొమ్మలా కాక, బుర్రలో ఏదో నడుస్తున్న మనిషిలా వేశాడని నా నమ్మకం.

జూన్ 28
తార్నాక చౌరస్తా దగ్గర పాస్‌పోర్ట్ ఫోటో. స్టూడియో కుర్రాడు అడక్కుండానే కళ్ల కింద నలుపు చెరిపేశాడు.
“అలాగే ఉంచు బాబూ.”
“బాగుండదు మేడమ్!”
ఉంచాడు.

జూన్ 30
అదే లైబ్రరీలో ఈసారి చిత్రకారుడు సార్జెంట్ వేసిన ‘మేడమ్ ఎక్స్’. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన వర్జినీ గోట్రో. 1884 పారిస్ సలోన్‌లో, భుజం మీంచి జారిన ఒక్క పట్టీకి ఊరంతా రభస. తర్వాత దాన్ని పైకి జరిపి మళ్లీ వేశాడు. గొప్ప పనితనమే, కాదనను. కానీ ఆ బొమ్మలో ఆమె మనం చూడ్డానికే నిలబడింది.

జూలై 2
మన హైదరాబాద్‌లోనూ ఆ రోజుల్లోనే, 1892లో, ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారు. ఫోటోలు తీసింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిష్ ఆవిడ. గదిలో మగవాడే లేనప్పుడు ఆ బేగంలు ఎలా కూర్చున్నారో, చెంపకు చెయ్యి ఆనించే తీరిక దొరికిందో లేదో! ఆ గాజు పలకలు చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

జూలై 3
ఎకిన్స్‌ను పంపేసిన ఆ అకాడమీయే 1895లో సిసిలియా బో అనే చిత్రకారిణిని టీచరుగా తీసుకుంది. రేపు ఆమె వేసిన ఆడవాళ్ల బొమ్మలు వెతకాలి.