ఇది పరీక్షా, పనా?

వెల్డరును పనిలోకి తీసుకొనే ముందు అతనికి ఒక పరీక్ష పెడతారు. రెండు ఉక్కు పలకలు ఇచ్చి అతకమంటారు. పలకలు, రాడ్లు, విద్యుత్తు అన్నీ పరీక్ష పెట్టేవారివే. తనిఖీదారు పక్కనే నిలబడి చూస్తాడు. అతికిన పలకను పట్టీలుగా కోసి, యంత్రంలో పెట్టి, గుర్రపు లాడం ఆకారం వచ్చేదాకా వంచుతారు. అతుకు మీద మూడు మిల్లీమీటర్లకు మించిన పగులు తెరచుకొంటే అతడు తప్పినట్టు, లేకుంటే నెగ్గినట్టు. నెగ్గినా, తప్పినా ఆ పట్టీ తుక్కులోకే పోతుంది. దానితో ఎవరూ వంతెన కట్టలేరు, బాయిలరు చేయలేరు.

మా నాన్నగారు వెల్డరు. మేము జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరాలో ఉంటున్నాము. 1907లో స్థాపితమైన ఉక్కు కంపెనీ ఇక్కడి సాక్చీ అనే పల్లెలో కర్మాగారం నిర్మించిన తరువాత, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి ఎందరో తెలుగువారు బతుకుతెరువు వెదుక్కొంటూ ఈ ఊరు చేరారు. మా తాతగారు అలా వచ్చినవారే. ఆయన మనుమరాలినైన నేను ఆంగ్ల సాహిత్యం చదివి, అనువాదాలు చేసి జీవిస్తున్నాను. పని దొరికే ముందు పరీక్షకు నిలబడటం మా ఇంట మూడు తరాలుగా ఉన్నదే. అయితే ఇటీవల కాగితం మీద, కంప్యూటరు మీద పని చేసేవారికి పెడుతున్న ఒక తరహా పరీక్షను చూస్తే, దానిని పరీక్ష అనాలో, పని అనాలో తెలియకుండా ఉన్నది.

మా పక్కింటి అమ్మాయికి ఇరవైనాలుగేళ్ళు. నన్ను ‘పిన్నీ’ అని పిలుస్తుంది. పగలు సాక్చీలోని ఒక ప్రింటింగ్ షాపులో పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సీలు తయారుచేస్తుంది. యాప్‌ల తెరలు రూపొందించే విద్యను రాత్రిళ్ళు కూర్చుని తనంతట తానే నేర్చుకొన్నది. పెద్ద డిజైన్ కళాశాలలో చదివించే స్తోమత ఆ ఇంటికి లేదు. గత సంవత్సరం దూరనగరంలోని ఒక కంపెనీ నుండి ఆమెకు పిలుపు వచ్చింది. దానితోపాటే ఇంటివద్ద చేసి పంపవలసిన పరీక్ష ఒకటి వచ్చింది. ఆ కంపెనీ యాప్‌లో కొనుగోలుదారు సరుకు ఎంచుకొన్నది మొదలు డబ్బు చెల్లించే దాకా ఉన్న పేజీలన్నీ కొత్తగా రూపొందించి, ఆ మార్పులు ఎందుకు చేసినదీ వివరిస్తూ అయిదు రోజులలో పంపాలి. ప్రతిఫలం ప్రసక్తి ఎక్కడా లేదు.

ఆ పిల్ల నాలుగు రాత్రులు మేలుకొని పద్నాలుగు తెరలు తయారుచేసి పంపింది. మూడు వారాలు గడిచినా జవాబు లేదు. రెండుసార్లు గుర్తుచేసినా లేదు. “బాగులేదని ఒక్క ముక్క రాసినా బాగుండేది కదా, పిన్నీ,” అన్నది.

ఈ బాధ నాకు కొత్త కాదు. అనువాదకుల లోకంలో దీనిని ‘నమూనా’ అంటారు. ఒక పుట నమూనా అడగటం సబబే. చేయి తిరిగినవారి పని ఒక పుటలోనే తెలిసిపోతుంది. కాని కొన్నేళ్ళ క్రితం ఒక ప్రచురణ సంస్థ నమూనాగా ఒక పూర్తి అధ్యాయాన్ని, ఇరవైరెండు పుటలను, అనువదించి పంపమన్నది. నేను మొదటి రెండు పుటలు చేసి పంపి, మిగిలిన వాటికి నా పారితోషికం ఇంత అని వ్రాశాను. ఉత్తరప్రత్యుత్తరాలు అక్కడితో ఆగిపోయాయి. ఆ తరువాత ఒక సభలో కలిసిన మరొక అనువాదకురాలు మాటల సందర్భంలో అదే పుస్తకం పేరు చెప్పింది. ఆమెను అడిగిన నమూనా మూడవ అధ్యాయం. నన్ను అడిగినది ఆరవది. పుస్తకంలో మొత్తం తొమ్మిది అధ్యాయాలు ఉన్నవి. మిగిలిన ఏడూ ఎవరెవరి ఇళ్ళకు వెళ్ళి ఉంటాయో ఊహించటానికి పెద్ద తెలివి అక్కరలేదు.

వెల్డరు పరీక్ష ఎవరికీ అన్యాయంగా తోచకపోవటానికి కారణం ఇదే. వంచిన పట్టీ వలన పరీక్ష పెట్టినవారికి అతని పనితనం తెలుస్తుంది, అంతకు మించి దక్కేదేమీ లేదు. పరీక్ష కొద్ది గంటలలో ముగుస్తుంది. పరీక్షించేవాడు కూడా తన సమయం వెచ్చించి అక్కడ నిలబడవలసిందే. ఇంటి పరీక్షలో ఈ మూడూ తలక్రిందులైనవి. చేసిన పని అవతలివారికి పనికివస్తుంది. ఎన్ని గంటలు పట్టినా అడిగేవారు లేరు. పరీక్ష పెట్టినవారు నిముషం సేపైనా కూర్చోనక్కరలేదు.

అసలు చిక్కు ఈ చివరి దానిలో ఉన్నది. ఒకే ఉత్తరాన్ని పదిమందికి పంపినా, నలభైమందికి పంపినా యజమానికి పైసా ఖర్చు కాదు. అందుచేత నలభైమందికీ పంపుతాడు. ఒక్కొక్కరు ఇరవై గంటలు పనిచేశారనుకొందాం. మొత్తం 800 గంటలు, అంటే ఎనిమిది గంటల లెక్కన నూరు పనిదినాలు. ఉద్యోగం ఒక్కరికే. తక్కిన ముప్ఫైతొమ్మిది మంది కలిసి ధారపోసినది తొంభైఏడున్నర దినాల శ్రమ. అదే యజమాని తలకు రెండు వేల రూపాయలు ఇవ్వవలసి వస్తే ఖర్చు ఎనభై వేలవుతుంది. అప్పుడతడు ముందుగా అభ్యర్థుల పాత పనులు శ్రద్ధగా చూస్తాడు, వారితో మాట్లాడతాడు, నలుగురిని మాత్రమే ఏరి పరీక్ష పెడతాడు. ఆ రెండు వేల వలన అభ్యర్థికి కలిగే లాభం స్వల్పమే కావచ్చును. కాని అది యజమాని చేత ఆలోచింపజేస్తుంది.

మా ఊరి ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే అమలులోకి వచ్చింది. జీతంతో కూడిన సెలవు 1920లో వచ్చింది. శ్రమకు గంటల లెక్క ఉండాలన్న సంగతి ఈ ఊరికి నూరేళ్ళకు పైబడి తెలుసు. ఉద్యోగంలో చేరిన మరునాటి గంటకు విలువ ఉన్నప్పుడు, చేరే ముందు రోజున అదే పనికి వెచ్చించిన గంటకు విలువ లేకుండా ఎలా పోతుంది?

యజమానుల పక్షాన కూడా న్యాయమైన మాట ఒకటి ఉన్నది. పట్టాలు చూసి పనితనం చెప్పలేము. ఇతరుల పనిని తమదిగా చూపేవారూ ఉంటారు. పైగా మా పక్కింటి అమ్మాయి వంటి, పేరున్న కళాశాల ముద్ర లేనివారికి పరీక్షే ద్వారం. దానిని మూసివేస్తే నష్టపోయేది వారే. ఇది నిజం. అయితే ఇరవై గంటల ఉచిత పరీక్షలో వెనుకబడేదీ వారే. పగలు వేరే ఉద్యోగం చేసేవారికి, చంటిబిడ్డల తల్లులకు, మంచాన పడిన పెద్దలకు సేవ చేసేవారికి అన్ని గంటలు ఎక్కడివి? తీరిక ఉన్నవాడు నెగ్గే పరీక్ష తీరికనే కొలుస్తుంది. కృత్రిమ మేధ ఇంటింటికీ వచ్చిన ఈ రోజులలో, ఇంటి నుండి వచ్చిన పని ఎవరు చేసినదో కూడా నమ్మకంగా చెప్పలేము.

మన రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధించింది. 1982లో ఢిల్లీ ఏషియన్ క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పులో, ఆకలి, పేదరికం చేసే ఒత్తిడి కూడా బలవంతమేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగ పరీక్షకు ఆ తీర్పు వర్తిస్తుందని నేను అనటం లేదు. ‘ఇష్టం లేకపోతే మానుకోవచ్చును కదా’ అనేవారు మాత్రం అందులోని ఆ మాటను ఒకసారి తలచుకోవాలి.

చట్టం నుండి అభ్యర్థికి నేరుగా అందే సాయం మరొకటి ఉన్నది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఎవరి కొలువులోనూ లేని వ్యక్తి గీసిన బొమ్మకు, చేసిన అనువాదానికి సాధారణంగా మొదటి హక్కుదారు ఆ వ్యక్తే. ఆ హక్కు మరొకరికి బదిలీ కావాలంటే వ్రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. కనుక పరీక్షతోపాటు వచ్చే షరతులను చివరి పంక్తి దాకా చదవండి. పంపే ప్రతి పుట మీద మీ పేరు, తేదీ వేయండి. ఒక ప్రతి దాచుకోండి.

అభ్యర్థి మర్యాదగా అడగదగినవి కొన్ని ఉన్నవి. నా పాత పని ఒకటి తీసుకొని దాని మీద ఎన్ని ప్రశ్నలైనా వేయండి. పరీక్షే కావాలంటే రెండు గంటలకు మించకుండా, మీ వ్యాపారంతో సంబంధం లేని కల్పిత విషయం మీద పెట్టండి. అంతకు మించితే రుసుము చెల్లించండి. ఫలితం ఏదైనా తెలియజేయండి.

ఈ నాలుగు మాటలతో మా పక్కింటి అమ్మాయి, నేను కలిసి ఒక ఉత్తరం తయారుచేశాము. ఈ సంవత్సరం రెండు కంపెనీల నుండి ఇంటి పరీక్షలు వచ్చినప్పుడు ఆమె దానిని పంపింది. ఒక కంపెనీ జవాబివ్వలేదు. రెండవది ఒప్పుకొని, ఊరి గ్రంథాలయానికి సభ్యత్వ పత్రం రూపొందించమని వీడియో ముందు రెండు గంటల పరీక్ష పెట్టింది. ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు. కాని నాలుగు రోజులలో అరపుట ఉత్తరం వచ్చింది. అక్షరాల పరిమాణం ఎక్కడ తగ్గినదీ, ఏ మీట ఎక్కడ ఉండవలసినదీ, ఏది బాగున్నదీ అందులో వివరంగా ఉన్నది. ఆమె దానిని అచ్చు తీసి షాపులో తన కంప్యూటరు పక్కన అంటించుకొన్నది. ఆ వారంలోనే మరి మూడు దరఖాస్తులు పంపింది.