సిగ్నల్ పోయింది.. దారి దొరికింది!

మారేడుమిల్లి దాటాక ఫోన్‌ని నమ్ముకోలేం. అందుకే చింతూరు ఘాట్‌కి బయల్దేరేముందు అటక మీదున్న అన్నయ్య పాత జీపీఎస్‌ని కిందికి దించా. 2011లో కొన్నది. టచ్ స్క్రీన్ లేదు, రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది.

ముందురోజే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారైన ఫ్రీ మ్యాప్‌ని మెమరీ కార్డులో వేశా. ఇంట్లో ఆన్ చేస్తే ఒక్క శాటిలైట్ కూడా అందలేదు. డాబా మీద పెట్టాక పావుగంటకి దారికొచ్చింది. ఏళ్లతరబడి మూలన పడుంటే, ఏ శాటిలైట్ ఎక్కడుందో మళ్లీ తెలుసుకోవాలి కదా! ఆ సమాచారం పూర్తిగా అందడానికే 12.5 నిమిషాలు పడుతుంది.

రంపచోడవరం మీదుగా దర్జాగా ఘాట్ ఎక్కా. సాయంత్రం వాగు చూద్దామని ఓ మట్టిదారిలోకి దిగా. తిరిగొస్తుంటే దారి రెండుగా చీలింది. సరిగ్గా అప్పుడే గతుకులకి సెల్స్ కదిలి స్క్రీన్ ఆరిపోయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోలేదు. పైగా చీకటి పడుతోంది. నిజంగా భయమేసింది.

పెట్రోల్ బిల్లు మడతపెట్టి సెల్స్‌కీ మూతకీ మధ్య దూర్చా. వెలిగింది! నేనొచ్చిన దారి గీతలా అలాగే ఉంది. ఆ గీత పట్టుకుని పది నిమిషాల్లో తారురోడ్డెక్కేశా.

మీరూ పాతది వాడతారా? సెల్స్ కదలకుండా ముందే బిగించండి, ఇంకో జత జేబులో ఉంచండి. ఫోన్‌లోనూ మ్యాప్ దించుకోండి. అన్నిటికన్నా ముఖ్యం.. చీకటి పడకముందే వెనక్కి తిరగండి!