దాటనివాళ్ళ లెక్క

కారు ఒకటి. మోటార్ సైకిల్ అర నుంచి ముప్పావు. ఆటో 1.2 నుంచి 2. బస్సు 2.2 నుంచి 3.7. తోపుడు బండి 2 నుంచి 3. పట్టణ రోడ్ల సామర్థ్యం మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన పట్టికలోని అంకెలివి. ఏ బండి ఎన్ని కార్ల జాగా తింటుందో చెబుతాయి. యాభై మందిని మోసే బస్సు ఈ లెక్కన రెండు నుంచి నాలుగు కార్ల జాగా, అంతే. నడిచే మనిషికి ఇందులో వరసే లేదు. ట్రాఫిక్ ఇంజినీర్ల పుస్తకాల్లో రోడ్డు పక్కన నడిచేవాళ్ళు, దాటేవాళ్ళు, ఆగిన బండ్లు, అమ్ముకునేవాళ్ళు అందరూ కలిపి ‘సైడ్ ఫ్రిక్షన్’. పక్కనుంచి తగిలే రాపిడి.

సికింద్రాబాద్ క్లాక్‌టవర్ నుంచి మోండా మార్కెట్ వైపు పొద్దున పూట వెళ్తే ఎటు చూసినా ఆ రాపిడే. కొత్తిమీర మూటలు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు, స్టేషన్‌లో దిగి బ్యాగులు ఈడ్చుకొచ్చేవాళ్ళు, స్కూలు పిల్లలు, హమాలీలు. అక్కడ ప్లానింగ్ విద్యార్థులు కొందరు వీధి సర్వే చేస్తున్నారంటే చూద్దామని వెళ్ళాను. నమస్కారం చెప్పేలోపే టేపు ఒక కొస నా చేతికిచ్చారు.

“ఏం గొలుస్తున్నరు బిడ్డా? మళ్ల రోడ్డు వెడల్పు జేస్తరా?” నిమ్మకాయల గంప ముందు కూర్చున్న పెద్దావిడ అడిగింది.

“లేదమ్మా, నడిచేటోళ్లకి జాగ ఎంతుందో చూస్తున్నం” అంది రెండో కొస పట్టుకున్న అమ్మాయి. ఆవిడ నమ్మినట్టు లేదు. గంపను మాత్రం ఇంకాస్త గోడ వైపు జరుపుకుంది. టేపుతో వచ్చినవాళ్ళు గోడ మీద ఎర్ర గుర్తు పెట్టి పోయిన రోజులు ఈ నగరంలో ఎవరూ మరిచిపోలేదు.

రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళకే పాదచారుల కోసం 103వ నంబరు మార్గదర్శకాలున్నాయి. ఏ అడ్డూ లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్లుండాలి, ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు అంటాయవి. మేము కొలిచినచోట రాళ్ళు పరిచిన వెడల్పుకు లోటేమీ లేదు. అందులోంచి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, దుకాణం మెట్లు, స్తంభానికి వేలాడుతున్న కేబుల్ చుట్ట తీసేస్తే మిగిలింది మనిషి పక్కకు తిరిగి జారుకునేంత సందు. సంచి ఉంటే అదీ కష్టమే. అందుకే వాళ్ళ కాగితంలో రెండు గడులున్నాయి: ‘ఉన్న వెడల్పు’, ‘నడవగలిగే వెడల్పు’. ఇద్దరు కుర్రాళ్ళు ఆ వివరాలను ఫోన్లోంచి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కిస్తున్నారు. 2004లో మొదలైన ఆ పటాన్ని ఎవరైనా దిద్దవచ్చు. వీధిలో నిలబడితే దానికోసం చేసిన ఒక యాప్ ప్రశ్నలడుగుతుంది: ఇక్కడ ఫుట్‌పాత్ ఉందా? దేంతో వేశారు? రాత్రి దీపం వెలుగుతుందా?

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం రోడ్డు దాటే లెక్క. రద్దీ గంటలో దాటేవాళ్ళ సంఖ్యను వాహనాల సంఖ్య వర్గంతో గుణించాలి. మధ్యలో డివైడర్ లేని రోడ్డయితే ఆ లబ్ధం పది కోట్లు, ఉంటే ఇరవై కోట్లు దాటినప్పుడు అక్కడ సిగ్నలో మరో ఏర్పాటో చేయవచ్చన్నది చాలా ఏళ్ళుగా ఉన్న కొలమానం. గంటకు వెయ్యి బండ్లు పోయే మామూలు రోడ్డు మీద వంద మంది దాటితే పది కోట్లయినట్టే. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ బండ్ల జోరు చూసి దాటడం మానుకున్నవాళ్ళు ఏ గడిలో పడతారు? రోడ్డు ఎంత భయపెడితే దాటేవాళ్ళు అంత తగ్గుతారు, వాళ్ళు తగ్గితే సిగ్నల్ అవసరం లేదని కాగితమే చెబుతుంది. వంతెన లేని నదిని ఎంతమంది ఈదుతున్నారో లెక్కపెట్టి వంతెన అక్కర్లేదని తేల్చడం లాంటిదిది.

నిమ్మకాయలావిడను అడిగితే, “నేను తెల్లారకముందు అవుతలికెల్లి వస్త, బండ్లు లేనప్పుడు. మళ్ల రాత్రికే పోత” అంది. సర్వే రద్దీ గంటలో ఆవిడకు ఒక్క గీతా పడదు.

ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. ఎండెక్కేకొద్దీ జనం నీడ ఉన్న వైపుకు మారిపోతారట, గిరాకీ కూడా వాళ్ళ వెంటే పోతుందట. వెడల్పు ఎక్కువున్న వైపు ఖాళీగా, ఇరుకు వైపు కిటకిటగా ఎందుకుందో అప్పటిదాకా విద్యార్థులకు అంతుబట్టలేదు. కాగితం అంచున ‘నీడ’ అని కొత్త గడి గీశారు.

వీధులు కొలిచే ఈ పని మనకు కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం లియొనార్డ్ మన్ చేత హైదరాబాద్‌ను సర్వే చేయించింది. 1912, 1915 మధ్య తయారైన ఆ పటాల్లో ఇళ్ళు, బావులతో సహా వీధి వీధీ ఉంటుంది. ఇప్పుడు ఉపగ్రహం పైనుంచి కప్పులు చూపిస్తుంది. కప్పు కింద మెట్టు ఎంత ముందుకొచ్చిందో కింద నిలబడ్డవాడే చెప్పాలి.

కొలిచాక ఎవరికివ్వాలన్నది మరో తలనొప్పి. రోడ్డు మున్సిపల్ కార్పొరేషన్‌ది, మ్యాన్‌హోల్ జలమండలిది, స్తంభం కరెంటు వాళ్ళది. స్టేషన్ ఆవరణ రైల్వేది. పరేడ్ గ్రౌండ్స్ వైపు పోతే రక్షణశాఖ, కంటోన్మెంట్ బోర్డు. పారడైజ్ నుంచి డెయిరీఫాం రోడ్డు దాకా 5.32 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు రక్షణశాఖ భూములిస్తానని ఒప్పుకోవడానికే 2024 మార్చి దాకా పట్టింది. అది బండ్ల లెక్కలు పక్కాగా ఉన్న పని. నడిచేవాళ్ళ కాగితం ఎన్ని బల్లలు దాటాలో ఊహించుకోవచ్చు. అయినా ఆషాఢంలో లష్కర్ బోనాలకు ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టూ బండ్లను మళ్ళించి రోడ్డంతా జనానికి వదులుతారు. అంటే చేతకాని పనేమీ కాదు.

మధ్యాహ్నానికి వాళ్ళ మాస్టారొచ్చారు. ‘వచ్చి వెనక్కి పోయినవాళ్ళు’ అని పిల్లలు గీసిన గడి చూసి ఒప్పుకోలేదు. వెనక్కి తిరిగినవాడు భయపడ్డాడో, పర్సు మరిచిపోయాడో ఎలా చెబుతారన్నారు. వాదన చాలాసేపు నడిచింది. చివరికి ఎంతమంది దాటారన్నదానితో పాటు ఒక్కొక్కరు అంచున ఎన్ని సెకన్లు నిలబడ్డారో కూడా రాయాలని తేల్చారు. ముప్పై సెకన్లు మించితే జనం ఓపిక పోయి తెగిస్తారని అమెరికా వాళ్ళ హైవే కెపాసిటీ మాన్యువల్ కూడా చెబుతుంది. నిలబడ్డ సెకన్లయితే ఎవరూ కాదనలేని అంకె. రద్దీ గంటకు తోడు తెల్లవారుజామున, చీకటి పడ్డాక కూడా నిలబడాలన్నారు. తెల్లవారుజాము డ్యూటీ ఎవరిదన్న దగ్గర మళ్ళీ వాదన మొదలైంది.